షట్టరు గదిలోకి కొండను తెచ్చిన అత్త

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అన్నం తిని చేయి కడుక్కుంటుండగా ఎదురింటి ఆమె వీధి దాటి వచ్చి మా ముందరి గది దగ్గర నిలబడింది. ఎప్పుడూ మాట్లాడుతూనే లోపలికి వచ్చే మనిషి. ఆ రోజు లోపలికి రాకుండా షట్టరు పక్కన గోడకు చేయి ఆనించింది. అక్కడి నుంచే చెప్పింది.

"అమ్మ పోయిందక్కా. మా మామ ఫోన్ చేసినాడు. అన్నం తిని యాపచెట్టు కింద మంచమేసుకుని పండుకుందంట. టీకి లేపితే లేయలేదంట."

వాళ్లమ్మను నేను అత్తా అని పిలిచేదాన్ని. వరసకు ఏమీ కాదు. మూడేళ్లుగా రోజూ నా గదిలో వచ్చి కూర్చున్న ఎదురింటి ముసలమ్మ, అంతే. అప్పటికి పక్షం రోజుల కిందట తమ్ముడి దగ్గరికి పల్లెకు పోయింది. తిరిగి వస్తుందనే అనుకున్నాం. ఆమె కూర్చునే చోట చాప కూడా చుట్టలేదు.

ఆమె పోయిన సంగతి ఏ పేపరులోనూ రాలేదు. రావడానికి ఆమె పెద్ద పేరున్న మనిషి కాదు. ప్రొద్దుటూరులో మా వీధివాళ్లకు ఆమె నల్ల గొర్రె బొచ్చు మూట ముందరేసుకుని ఏరుకుంటూ కూర్చునే ఆడమనిషి. నేను బొమ్మలు గీస్తాను. కొండలు, వానకు పారే వంకలు, చేలు, ఎండిన ఏర్లు. చూసినవాళ్లు "ఇవన్నీ యాడికి పోయి గీసినారు మేడమ్?" అని అడుగుతుంటారు. ఈ నాలుగు గోడల మధ్యనే అంటే నమ్మరు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఆమె ఉండగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పదహారేళ్లు నేను ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరుగా చేశాను. ఆదివారం వచ్చిందంటే మా ఇంటాయన బండి తీసేవాడు. గండికోట లోయ అంచుకో, పెన్న ఒడ్డుకో పోయేవాళ్లం. నేను గీసుకుంటుంటే ఆయన ఏదో ఒక నీడన కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. అట్లాంటి ఒక ఆదివారమే, జమ్మలమడుగు దాటాక కంకర మీద బండి జారింది. ఆయనకు మోచేతులు గీరుకుపోయాయి. నాకు తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ఏడాది తిరిగినా వాకరు పట్టుకోకుండా నాలుగడుగులు వేయలేకపోయాను. బండి ఎక్కొద్దు, ఎగుడుదిగుడు నేల మీద నడవొద్దు అన్నాడు డాక్టరు. బడి మానేశాను.

మా ఇంటి ముందరి గది ఒకప్పుడు మా మామగారి చీరల అంగడి. అందులో నాకు మంచం వేసి, పక్కనే ఈజిల్ నిలబెట్టి, మా ఇంటాయన "ఇదే నీ స్టూడియో" అన్నాడు. కిటికీ లేని గది. షట్టరు ఎత్తితే కనిపించేవి ఎదురింటి గోడ, మురుగు కాలువ, కరెంటు స్తంభం. ఫోన్లో పాత ఫోటోలు పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. కొండ కొండలాగే వచ్చేది. ఆకాశానికీ వంక పెట్టడానికి లేదు. కానీ ఎంతసేపు చూసినా ఆ బొమ్మలో నాకు గాలి ఆడేది కాదు. ఏడెనిమిది మొదలుపెట్టి, సగంలో వదిలేసి, గోడవైపు తిప్పి ఆనించాను. చివరికి రంగుల పెట్టె మూసి మంచం కిందికి తోసేశాను. ఇంక గీయలేనేమో అన్న భయం మా ఇంటాయనకు కూడా చెప్పలేదు.

అత్త వచ్చింది ఆ రోజుల్లోనే.

పెద్దముడియం దగ్గర ఒక పల్లె ఆమెది. గొర్లు మేపుకుని బతికిన కుటుంబం. మొగుడు పోయి, ఒక కంటికి ఆపరేషన్ అయ్యాక కూతురు తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. తమ్ముడికి మాత్రం పల్లెలో ఇంకా మంద ఉంది. గొర్లకు బొచ్చు కత్తిరించినప్పుడల్లా అక్కకు మూటలు పంపేవాడు, ముళ్లూ మట్టీ ఏరి శుభ్రం చేసి పెట్టమని. ఆయనకు ఆ పని చేసేవాళ్లు లేక కాదు. అక్కకు పట్నంలో పొద్దుపోదని.

ఒక ఉదయం ఆ మూట చంకన పెట్టుకుని నా గది ముందు నిలబడింది.

"పాపా, ఈడ ఓ పక్కన కూచుంటా. మా యమ్మి ఇంట్ల వాసనంటాది."

గొర్రె బొచ్చు వాసన ఆమె కూతురికే కాదు, నాకూ పడదు. నా ముఖం చూసే కనిపెట్టింది.

"నీ గదిలో ఆ కిరసనాయిలు వాసన నేనోర్చుకుంటా. నా వాసన నువ్వోర్చుకో" అంది.

కిరసనాయిలు కాదత్తా, టర్పెంటైన్, రంగులు కలుపుకునేది అని చెప్పాను. చివరిదాకా ఆమె దాన్ని కిరసనాయిలే అంది.

మూడో రోజో నాలుగో రోజో, అడక్కుండానే లేచి, గోడకు ఆనించిన బొమ్మ ఒకటి తిప్పింది. ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది యాడ?"

"గండికోట దగ్గరత్తా."

"పొద్దు యాపక్కనుంచి వస్తాండాది?"

చెప్పాను.

"మందను యాడ నిలుపుతావు?"

"ఇందులో మంద లేదు కదత్తా."

"మంద ల్యాకుంటే పాయె. నువ్వుండావు గదా. ఎండ తగిల్తే యాడ కూచుంటావు? దప్పికైతే యాడికి పోతావు?"

ఆమె బొమ్మను మళ్లీ గోడవైపు తిప్పి పెట్టేసింది, జాగ్రత్తగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు.

"చూసేదానికి బాగుండాది పాపా. ఉండేదానికే తావు ల్యా."

పదహారేళ్లు పిల్లలకు డ్రాయింగు నేర్పినదాన్ని. కోపం వచ్చిన మాట నిజం. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే, ఏడాదిగా నేను వెతుక్కుంటున్న తప్పు ఆమె ఒక్క చూపులో పట్టేసిందని అర్థమైంది.

ఆమె బొచ్చు ఏరేటప్పుడు పాత పేపరు పరుచుకుని, దొరికినవన్నీ కుప్పలు కుప్పలుగా పెట్టేది. మొదట్లో చెత్త అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, "అవన్నీ ఎందుకు దాస్తాండావత్తా?" అన్నాను.

"మందెట్ల పోయిందో చూస్తాండా" అంది.

నేను మంచం మీద నుంచి ముందుకు వంగాను. ఆమె వేలితో ఒక్కో కుప్పా చూపిస్తూ చెప్పుకుపోయింది. ఇవి ఉత్తరేణి గింజలు, చేని గట్ల మీద ఉంటాయి. ఇది శనగ పొట్టు, కోసిన చేలో దిగినారు. ఈ మరులమాతంగి కాయ నీళ్ల దగ్గరే తగులుకుంటాది, అంటే కుందూ ఏటి దాకా పోయినారు. బొచ్చు మొదట్లో నల్లరేగడి గట్టిగా పట్టింది, దాని మీద ఈ తెల్ల దుమ్ము.

"ఇదేందో తెలుసునా? నాపరాళ్లు కోసే దుమ్ము. మా తమ్ముడు రోడ్డెంబడి తోలినాడు, సోమరిపోతు. వంక దారిన తోలింటే ఇది అంటేదే గాదు."

ఆ సాయంత్రం ఆమె తమ్ముడికి ఫోన్ చేసి నిలదీసింది. ఆయన ఒప్పుకున్నాడు.

నేను మంచం కింద నుంచి రంగుల పెట్టె బయటికి లాగాను. ఫోటో ఏదీ చూడలేదు. పేపరు మీద ఆమె కుప్పలు ఉన్న వరసలోనే నేల గీసుకుంటూ పోయాను. ముందర రేగడి చేను, గట్టు, దాటితే తడి, దాని అవతల తెల్లటి దుమ్ము రోడ్డు. అది గొప్ప బొమ్మేం కాదు. కానీ ఆ దారి వెంబడి నేను నడిచాను. కాలు నొప్పి గుర్తు రాలేదు.

అప్పటినుంచి అదే మా పని. మూట వచ్చిందంటే ఇద్దరం దాని ముందు కూర్చునేవాళ్లం. ఆమె ఏరేది, చెప్పేది. నేను అడిగేదాన్ని. ఏ మూల నుంచి గాలి, ఏ పొద్దున నీడ ఎంత, వాన పడితే నీళ్లు ఎటు జారతాయి. తెలియనిది తెలియదనేది. కల్పించి చెప్పడం ఆమెకు చేతకాదు.

నీడలకు నేను ట్యూబులోని నలుపే పూసేదాన్ని. ఒకసారి ఆమె బొచ్చు కుచ్చు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదేం రంగు?"

"నలుపు."

"సరింగా చూడు."

షట్టరు దగ్గరికి పోయి వెలుతురులో చూశాను. మొదట్లో నీలం కలిసిన నలుపు. నడుమ బూడిద. కొసలు ఎండకు మాడి ఎర్రబారి ఉన్నాయి.

"కొండగూడా అంతే పాపా. అది పుట్టినకాడ్నించి ఎండలోనే కూచుండాది. మాడదా?"

ఆ రోజు నుంచి నా కొండల నీడల్లో నలుపు ట్యూబు వాడలేదు.

చిన్న చిన్న సంగతులు గుర్తొస్తున్నాయి. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. నా కాగితం ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, తడి ఆరేదాకా గాలిలో పట్టుకునేది. తమ్ముడు వీడియో కాల్ చేస్తే "నీ మొగం తరవాత చూస్తా, ముందు మందను చూపించు" అనేది. ఆయన ఫోన్ మంద వైపు తిప్పితే ఒక్కొక్కదాన్నీ లెక్క చూసుకుని, "ఆ చెవిమచ్చది కుంటుతాండాది, ఏమాయె?" అని అడిగేది. ఆ తర్వాత తమ్ముడి మంచిచెడ్డలు.

ఆమెను నేను బాధపెట్టిన సంగతి కూడా చెప్పాలి.

పులివెందులలో ఒకాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. సింహాద్రిపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. హాల్లో గోడకు మన సీమ బొమ్మ పెద్దది ఒకటి కావాలని ఎవరి ద్వారానో విని నా దగ్గరికి వచ్చాడు. దెబ్బ తగిలాక నాకు వచ్చిన మొదటి పెద్ద పని. గోడమీది చిన్న స్కెచ్ ఒకటి చూసి, "ఇదే పెద్దగా గీయండమ్మా" అన్నాడు. అది అత్త చెప్పగా గీసిన వంక. వాళ్ల పల్లెకు పడమర, రెండు ఒడ్ల నడుమ ఒక మడుగు, ఒడ్డున బండ, దూరంగా ఎర్రమల కొండల వరస.

పోతూ పోతూ ఆయన ఒక మాట అన్నాడు. "కొంచెం పచ్చగా ఉండేటట్లు చూడండి. నీళ్లు పారతా ఉంటే ఇంటికి మంచిది."

గీశాను. ఆరడుగుల క్యాన్వాసు. అత్త కూతురితో కంటి డాక్టరు దగ్గరికి తిరుగుతూ వారం రోజులు రాలేదు. ఆ వారంలో ఒడ్ల నిండా పచ్చిక మొలిపించాను. మడుగు నిండా నీళ్లు పోశాను, వాటిలో ఆకాశం కూడా దించాను. నా చేతిపనికి నాకే ముచ్చటేసింది.

అత్త వచ్చి, చాప మీద కూర్చోబోయి, ఆగింది. చాలాసేపు చూసింది.

"ఇది మా వంకనేనా?"

"అవునత్తా. ఎట్లుంది?"

"ఆ మడుగులో నీళ్లు ల్యాకనే పాపా మా గొర్లు సచ్చింది. మూడేండ్లు వాన ల్యా. నేనూ మా ఇంటాయన చెలమ తవ్వినాం, చేతుల్తో. తడి గూడా తగల్లేదు. సగం మంద ఆ ఒడ్డునే పడిపాయె." ఆమె గొంతు పెరగలేదు. "ఆడ నువ్వు నీళ్లు పోసినావు."

"ఆయన అడిగాడత్తా..."

"అడుగుతాడు. ఆయనకేం తెలుసు? నీకు చెప్పింటి గదా వంక గురించి."

గొర్లు చచ్చిన సంగతి ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటే అనబోయాను. ఆమె అప్పటికే మూట ఎత్తుకుని వీధి దాటుతోంది.

మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఎదురింటి మెట్ల మీద, వాసనని విసుక్కునే కూతురి గుమ్మంలోనే, బొచ్చు ఏరుకుంటూ కనిపించేది. నా వైపు చూసేది కాదు. మా ఇంటాయన "ముసలామె కదా, రెండు రోజులుంటే సర్దుకుంటుంది" అన్నాడు. తొమ్మిది రోజులైనా సర్దుకోలేదు.

పదో రోజు వాకరు పట్టుకుని లేచాను. మా గది నుంచి వాళ్ల మెట్లకు ఇరవై అడుగుల దూరం ఉంటుందేమో. మధ్యలో కాలువ మీద ఒక బండ. ఏడాదిన్నరగా ఎవరో ఒకరు పట్టుకోకుండా నేను ఆ గడప దిగలేదు. ఆటో ఒకటి హారన్ కొట్టి, నన్ను చూసి ఆగింది. కాలువ బండ మీద వాకరు కాళ్లు నిలవక రెండుసార్లు వెనక్కి తీశాను. మూడోసారి దాటాను. తల ఎత్తేసరికి అత్త లేచి నిలబడి ఉంది. ఒడిలో బొచ్చంతా మెట్ల మీద పడిపోయింది.

"మ్మే! ఒక్కదానివే వచ్చినావా!"

"నువ్వు రాకపోతే ఏం చేసేది?"

"పడింటే?"

"నువ్వు లేపింటావు."

ఆమె నవ్వింది. పళ్లు ఎక్కువ లేని ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. మెట్టు మీదే పక్కన కూర్చున్నాను. ఆ నీళ్లు తీసేస్తానత్తా, ఆ ఏడాది వంక ఎట్లుండిందో చెప్పు అని అడిగాను. ఆమె పడ్డ బొచ్చంతా ఏరుకుని, మూట కట్టి, నా చేయి పట్టుకుని మళ్లీ వీధి దాటించింది. చాప మీద కూర్చున్నాక మొదలుపెట్టింది.

పన్నెండు రోజులు పట్టింది తిరిగి గీయడానికి. బురద ఎండి పెచ్చులు లేచిన తీరు చెప్పింది. ఒడ్డున ఆకు లేని తుమ్మచెట్టు నీడ ఎంత సన్నగా ఉండేదో, ఆ నీడలో ఎన్ని గొర్లు తల దూర్చేవో చెప్పింది. చచ్చిన గొర్లను గీయమనలేదు. నేనూ గీయలేదు. చెలమ మాత్రం గీశాను, పక్కన పోసిన ఇసుకతో సహా. ఆమె దగ్గరగా చూసి, "ఇంగా లోతు తవ్వినాం" అంది. ఇంకొంచెం లోతు చేశాను.

పులివెందుల ఆయన వచ్చాడు. బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎండ ఎక్కువైందేమో అమ్మా."

మూలనుంచి అత్త అందుకుంది. "కొత్తిల్లు చల్లగుంటాది గదప్పా. గోడ మీద రవ్వంత ఎండుంటే నీకేం నష్టం?"

ఆయన నవ్వాడు. ఈ వంక ఎక్కడిది, మీది ఏ ఊరు అని ఆమెను అడిగాడు. మా నాయన కూడా చెలమ నీళ్లే తాగి పెరిగినాడంట అని ఆయనా చెప్పుకొచ్చాడు. ఇద్దరూ వానల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి, ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరమ్మా అని, చెరుకు తోటతో ఉన్న ఇంకో బొమ్మ తీసుకుని మర్యాదగా వెళ్లిపోయాడు.

నేను మంచం మీద కూలబడ్డాను. అత్త ముళ్లు ఏరడం ఆపలేదు.

"పోనీలే పాపా. కొనేటోడు వచ్చేదాంకా గొర్రె మేస్తానే ఉంటాది గానీ, నిలబడి ఏడ్చదు."

ఆ మాట నాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో లెక్క లేదు. ఆ బొమ్మను తర్వాత నలుగురు అడిగారు. ఇవ్వలేదు.

దాన్ని ఆమె తమ్ముడు కూడా చూశాడు. శుభ్రం చేసిన బొచ్చు తీసుకుపోవడానికి వచ్చి, చెప్పులు బయట విడిచి, గదంతా కలయజూశాడు. "అక్క ఫోన్లో ఈ గదికి గాలి శానా బాగొస్తాదంటాదమ్మా. కిటికీనే ల్యా గదా!" అన్నాడు. అత్త వినపడనట్టు తల వంచుకుంది. ఆయన బొమ్మ ముందుకు పోయి, ఎవరూ చెప్పకుండానే "మన వంక" అన్నాడు. వేలు పెట్టి చూపిస్తూ, "ఆ బండ ఇంగ రవ్వంత ఎడమకుండల్ల" అన్నాడు. "నీకేం తెలుసురా, నువ్వప్పుడు చంకబిడ్డవి" అని అక్క కసిరింది. ఆయన అటు పోయాక నా దగ్గరికొచ్చి, "వాడు చెప్పింది నిజమే, జరుపు" అని మెల్లగా చెప్పింది. జరిపాను.

చివరి రోజుల్లో ఆమెకు చూపు బాగా తగ్గింది. ముళ్లు వేళ్లతో తడిమే ఏరేది. బొచ్చు కత్తిరించే రోజులొచ్చాయని, ఈసారి మూట వచ్చేదాకా ఆగలేనని, పల్లెకు బయల్దేరింది. పోయేముందు గదిలోకొచ్చి, "నేనొచ్చేలోపల ఆ కిరసనాయిలు సీసాకు మూత పెట్టు, తలనొప్పి" అంది. అదే ఆమె నాతో అన్న చివరి మాట. ఇంకేదైనా చెప్పి పోయిందా అని ఎవరో అడిగారు. లేదు. చెప్పాల్సింది మూడేళ్లు చెప్పింది.

దినాలకు నేను పోయాను. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. మా ఇంటాయన ఆటో మాట్లాడాడు. భోజనాలయ్యాక ఆమె తమ్ముడు "వంక చూస్తావామ్మా?" అని అడిగి, నా నడకకు తన నడక తగ్గించుకుని పడమరకు తీసుకుపోయాడు. నేను గీసినంత పెద్ద వంక కాదది. అందులో సగం ఉంటుందేమో. చిన్నప్పుడు ఆమె కళ్లకు కనిపించిన కొలతలే నాకు చెప్పిందన్నమాట. ఆమె చెప్పనిది కూడా ఒకటుంది. రెండు ఒడ్ల నడుమ దిగి నిలబడితే దూరంగా ఉన్న పల్లెలో మనుషులు మాట్లాడుకునేది మెల్లగా చెవిన పడుతుంది. కాసేపు అక్కడే ఉన్నాను. ఏమీ గీయలేదు.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. పొద్దున మంద మేతకు పోయినప్పుడు చిన్న గొర్రెపిల్లల్ని దొడ్లోనే ఉంచారు. తల్లులు రోడ్డు మలుపు తిరగగానే పిల్లలన్నీ ఒక్కసారిగా నోళ్లు విప్పాయి. తల్లులూ అరుస్తూ పరుగందుకున్నాయి. ఆమె తమ్ముడు తడిక తీసి పక్కకు తప్పుకున్నాడు. ఆ దుమ్ములో, ఆ గోలలో ఏ పిల్ల ఏ తల్లిదో నాకు తెలియలేదు. వాటికి తెలిసింది. ఒక్కొక్కటే వాసన చూసుకుని కుదురుకున్నాయి. చూస్తుండగానే దొడ్డంతా సద్దుమణిగింది. ముందుకాళ్లు మడిచి పాలు తాగుతున్న పిల్లల తోకలు మాత్రం ఆ మసక వెలుతురులో ఆడుతూనే ఉన్నాయి.